కాలవ వదిలేదాకా

మా ఇంట్లో బాతుకి కీళ్ళవాతం వచ్చిందని చెబితే ఎవరూ నమ్మరు. ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపుతారు. మనుషుల మోకాళ్ళకే దిక్కు లేని రోజుల్లో బాతు మోకాళ్ళను ఎవరు పట్టించుకున్నారమ్మా అని అడుగుతారు. మా నాయనమ్మ పట్టించుకుంది. అంతగా పట్టించుకోకుండా ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

డెబ్బైల మొదట్లో మాట. బెజవాడలో చల్లపల్లి బస్సెక్కితే సగం దారిలో దిగాలి మా ఊరికి. ఇల్లు కాలవను ఆనుకునే ఉండేది. గుమ్మం దాటితే గట్టు, గట్టు దిగితే రేవు. నాన్న ఆటోనగర్‌లో ఒక లారీల షెడ్డులో మెకానిక్కు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. ఆదివారం మాతో చర్చికి వచ్చి, సోమవారం తొలి బస్సుకు వెళ్ళిపోయేవాడు. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు, నేను అదే స్కూల్లో చదివేదాన్ని. పగలు ఇంట్లో ఉండేది నాయనమ్మ ఒక్కతే. ఆవిడకు తోడు రెండు సీమబాతులు.

పొలాల వెంట మందలుగా తోలుకుపోయే బాతుల్లాంటివి కావవి. వాటికి రెండింతలు ఉంటాయి, తెల్లగా, పొడుగాటి మెడలతో. కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే మెడ నేలబారుగా చాపి బుసకొడుతూ మీదికి వస్తాయి. నేను పుట్టకముందే నాయనమ్మ ఎవరినో అడిగి గుడ్లు తెచ్చి కోడి కింద పొదిగించిందట. పిల్లలు కాలవలోకి దిగేసరికి ఆ కోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తి ఊరంతా ఏకం చేసిందని చెప్పి చెప్పి నవ్వేది. మిగిలిన పిల్లలు ఏమయ్యాయో నేనెప్పుడూ అడగలేదు. మాది మాంసం తినే ఇల్లు. ఈ రెండూ ఎలా మిగిలాయో మిగిలాయి, ఒక మగది, ఒక పెట్ట.

నాకు వాటితో పడేది కాదు. నా ఎడమ పిక్క మీద మగబాతు పెట్టిన మచ్చ ఇప్పటికీ ఉంది. దానికి నాయనమ్మంటే కూడా లెక్కలేదు, గింజలు వేసినప్పుడే చుట్టం. పెట్ట అలా కాదు. నాయనమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళ పక్కన కూర్చునేది. ఆవిడ బియ్యం ఏరుతుంటే చేటలోకి తొంగి చూసేది. నాయనమ్మ దానితో మాట్లాడేది, అమ్మ మీద చెప్పుకోవాల్సినవి కూడా. ఒకసారి అది వాకిట్లోకి వచ్చిన తాచుపామును తరిమి కొట్టిందని ఊరంతా చెప్పుకుంది. అది తాచుపాము కాదు, వానపాము అయి ఉంటుందని అమ్మ అంటే నాయనమ్మ వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు.

నాయనమ్మకు మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. గోడ పట్టుకుని లేచేది, నా భుజం పట్టుకుని నడిచేది. రోజూ పొద్దున్నే ఆవిడ రేవుకు బయలుదేరితే పెట్టబాతు పక్కనే నడిచేది. మగబాతు ఎప్పుడో పరిగెత్తి నీళ్ళలో పడేది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని దాన్ని తిట్టుకుంటూ వీళ్ళిద్దరూ మెల్లిగా వెళ్ళేవాళ్ళు. అది నాయనమ్మ కోసం ఆగి ఆగి నడుస్తోందని మేమందరం అనుకునేవాళ్ళం. ఆగి నడవడం కాదు, దానికీ కాళ్ళు పట్టేశాయని ముందు కనిపెట్టింది ఆవిడే.

"దీనికీ నా జబ్బే వచ్చిందే," అంది ఒకరోజు, దాని కాలి కీలు వేళ్ళతో తడుముతూ. "చూడు, ఎట్టా వాచిందో. వేడిగా ఉంది."

నేను ముట్టుకోలేదు. కరుస్తుందని భయం.

దానికి ముందటి ఏడాది ఎండాకాలం కూడా అది కొంచెం కుంటింది. కాలవలోకి నీళ్ళు రాగానే సర్దుకుంది. ఈసారి కాలవ నిండుగా ఉండగానే మొదలైంది. ఒక కాలు మీద బరువు మోపదు. లేవడానికి రెక్కలు నేలకు ఆనించి తోసుకుంటుంది. కానీ నీళ్ళలో పడిందా, ఇక కుంటి అన్న మాటే లేదు. వయసులో ఉన్న బాతులాగా మగదాని వెంట అవతలి గట్టుదాకా పోయి వచ్చేది. గట్టెక్కాకే మళ్ళీ ముసలిదయ్యేది. దాన్ని నీళ్ళలో చూసినప్పుడు నాయనమ్మ మొహంలో ఉండే కుళ్ళు నాకు గుర్తుంది. తనక్కూడా అలాంటి చోటు ఒకటి ఉంటే బాగుండునని పైకే అనేది.

పక్క ఊళ్ళో పశువుల ఆస్పత్రి ఉండేది. దాన్ని గంపలో పెట్టి, పైన పాత చీర కప్పి, రిక్షాలో తీసుకెళ్ళాం. గేదెలు, ఎడ్లు నిలబడ్డ చోట మా గంప చూసి అందరూ ముసిముసిగా నవ్వారు. డాక్టరు కుర్రవాడే కానీ మర్యాద తెలిసినవాడు.

"వయసెంతుంటదండీ మామ్మగారూ?"

"మా మనవరాలి కంటే పెద్దదండీ."

ఆయన నావైపు, గంపవైపు చూసి నవ్వి, తర్వాత బాతును బల్లమీదికి ఎత్తి శ్రద్ధగానే చూశాడు. కీళ్ళు అరిగాయని, ఈ వయసులో అవి మళ్ళీ కొత్తవి కావని చెప్పాడు. "ఒళ్ళు చేసిందండీ. తవుడూ నూకలూ తగ్గించి పచ్చగడ్డి, తోటకూర పెట్టండి. గచ్చు మీద పడుకోనివ్వకండి. మెత్తగా గడ్డి పరవండి, తడిస్తే మార్చండి. అన్నిటికంటే నీళ్ళు మంచివి. నీళ్ళలో ఉన్నంతసేపూ బరువు నీళ్ళు మోస్తాయి, కాళ్ళ మీద పడదు. మీకు కాలవుందిగా, వదిలెయ్యండి."

"కాలవ కట్టేస్తున్నారు కదండీ."

డెల్టాలో పనిచేసేవాడికి ఆ మాట అర్థం కాకపోదు. రెండో పంట కోతలయ్యాక బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తే మళ్ళీ నారుమళ్ళ కాలం దాకా కాలవలు ఎండాల్సిందే. "అయితే ఏదో ఒక తొట్టిలో రోజూ కాసేపు ఉంచండి," అన్నాడు చివరికి. "మళ్ళీ కాలవ వదిలేదాకా నెట్టుకొస్తే తిరుగుతుందండీ. ఇంకేమైనా మందులు వాడుతున్నారా దీనికి?"

"ఏమీ లేదండీ," అంది నాయనమ్మ.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అప్పటికే రోజూ దాని కాళ్ళకు నూనె రాస్తోంది. కానీ నూనె రాయడం మా ఇళ్ళలో మందు కింద లెక్క కాదు. పుట్టిన బిడ్డకు నూనె, బాలింతకు నూనె, ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుంటే నూనె, కిర్రుమనే తలుపుకు నూనె. ఏం మందులు వాడుతున్నారని అడిగితే అన్నం తింటున్నామని ఎవరు చెబుతారు? నూనె సంగతీ అంతే. ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు, పక్కన నిలబడ్డ నాకు తట్టలేదు.

ఆ నూనె వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఆముదంలో వావిలాకు వేసి కాచి, దించాక కర్పూరం నలిపి కలిపేది. సాయంత్రం పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ముందు తన మోకాళ్ళకు మర్దన చేసుకునేది. తర్వాత అదే అరచేత్తో బాతు కాళ్ళకు. బాతు కళ్ళు సగం మూసుకుని కూర్చునేది. దానికి హాయిగా ఉండేదని నేను నమ్ముతాను. ఆ చేతుల కింద ఎవరికైనా హాయిగానే ఉండేది.

కాలవ కట్టేశారు. మొదట నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి, తర్వాత మడుగులు మిగిలాయి, ఆ మడుగుల్లో చేపల కోసం పిల్లలు బురదలో పొర్లారు, తర్వాత మడుగులూ పోయాయి. అడుగున నల్లటి బురద పగుళ్ళిచ్చి, ఏడాది పొడవునా ఊరు పారేసిన చెత్త బయటపడింది. కాలవ ఎండితే మా ఊరు ఊరులా ఉండదు. బావుల్లో నీళ్ళు ఉప్పుకు తిరుగుతాయి, మంచినీళ్ళ చెరువు దగ్గర ఆడవాళ్ళ గొంతులు లేస్తాయి. మగబాతు రోజూ పొద్దున్నే రేవు దాకా వెళ్ళి, దిగి, పొడి బురదలో నిలబడి అరిచి తిరిగి వచ్చేది. పెట్ట వెళ్ళడం మానేసింది.

పెరట్లో కుడితి గోలెం ఒకటి ఉండేది, అడుగు విశాలంగా ఉన్న సిమెంటుది. నాయనమ్మ దాన్ని కడిగించి, బోరింగు కొట్టించి సగం నింపించి రోజూ బాతును అందులో దించేది. కొట్టేది నేను, మోసేది నేను. అమ్మకు ఒళ్ళు మండేది.

"తాగడానికి బిందెడు నీళ్ళకి గంటసేపు నిలబడుతున్నాం అత్తయ్యా. ముసలితనానికి దసరా పండగని, దీనికి స్నానాలూ పడకలూనా?"

"ఉప్పునీళ్ళేగా అమ్మాయ్. నీ మంచినీళ్ళ బిందె నేను ముట్టుకున్నానా?"

గోలెంలో నీళ్ళు బాతు పొట్ట దాకా వచ్చేవి. అది తేలేది కాదు, అడుగున కాళ్ళు ఆనించి నిలబడేది. అయినా దానికి కొంత ఊరటగానే ఉండేది, మెడ ముంచి వీపు మీద నీళ్ళు చల్లుకునేది. కాకపోతే బయటికి తీశాక ఎంతకీ ఆరేది కాదు. ఈకలు అట్టలు కట్టి ఒంటికి అంటుకుని, వేసవి ఎండలో కూడా వణికేది. నాయనమ్మ పాత చీరతో ఒత్తి ఒత్తి తుడిచేది. వయసు మళ్ళింది కదా, ఒంట్లో వేడి తగ్గిందని చెప్పేది. మాకూ అదే నిజమనిపించింది. గోలెం తోమేటప్పుడు అంచున జిడ్డు పోవడం లేదని అమ్మ విసుక్కునేది. జిడ్డంటే కుడితి జిడ్డే అనుకున్నాం. మా కళ్ళముందే అంతా ఉంది, ఒక్కరికీ కనబడలేదు.

ఎండలు ముదిరేసరికి బాతు రోజంతా పడుకునే ఉండేది. కూర్చుని కూర్చుని రొమ్ము కింద ఈకలు ఊడి, చర్మం ఒరిసి పుండు పడింది. నాయనమ్మ గడ్డి రోజూ మార్పించింది, గడ్డి కింద ఇసుక పోయించింది. తవుడు తగ్గించి నా చేత తోటకూర తెప్పించి సన్నగా తరిగి పెట్టింది. డాక్టరు చెప్పిందల్లా చేసింది. దాంతో పాటు, పుండుకు తడి తగలకుండా రొమ్ము నిండా నూనె పట్టించడం మొదలుపెట్టింది. రెక్కల కీళ్ళు కూడా పట్టేస్తున్నాయని వాటి సందుల్లోనూ రాసింది. బాతు ముక్కుతో ఆ నూనె తీసుకుని వీపు మీద ఈకలన్నిటికీ దువ్వుకునేది. "చూశావా, దానికీ తెలుసు ఏది మంచిదో," అని మురిసిపోయేది నాయనమ్మ. తెల్లటి బాతు పసుపుపచ్చగా నిగనిగలాడేది.

శనివారాలు నాన్న వచ్చి ముందు దాని దగ్గరికి వెళ్ళి చూసేవాడు. మా నాన్న మెత్తని మనిషి. కోడిని కోయాల్సి వస్తే పక్కింటివాళ్ళను పిలిచేవాడు. ఒక శనివారం ఆయన వచ్చేసరికి బాతు లేవబోయి, రెక్కలు విదిలించి, ముందుకు మొహం మీద పడింది. మళ్ళీ లేవబోయి మళ్ళీ పడింది. నాన్న సంచి కూడా దించకుండా అలాగే నిలబడి చూశాడు.

రాత్రి భోజనాలయ్యాక నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నా వల్ల కావట్లేదు దాన్ని చూడ్డం. కోసేద్దాం. ఒక్క నిమిషంలో పోద్ది దాని బాధ."

"నా కాళ్ళూ పనిచెయ్యట్లేదు. నన్నూ కోసెయ్."

"మనిషికీ బాతుకీ ఒకటేనా?"

"నొప్పి ఒకటే కదరా."

నాన్న తల వంచుకున్నాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ కొడుకును బతిమాలడం నేను అదొక్కసారే విన్నాను. "కాలవ వదిలేదాకా ఆగరా. నీళ్ళు తగిలితే లేస్తది. పోయినేడు లేవలా?"

"లేవకపోతే?"

"లేవకపోతే నీ ఇష్టం. నేనే మెడ పట్టుకుంటా, నువ్వు కొయ్యి."

నాన్న సరేనన్నాడు. ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం కాలవ కోసమే ఎదురు చూశాం. రైతులు నార్ల కోసం ఎదురు చూస్తుంటే మేం బాతు కోసం. గట్టు మీద పోయే ప్రతివాడినీ నాయనమ్మ కేకేసి ఎప్పుడొదులుతారంట బాబూ అని అడిగేది. ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్పేవాడు. కృష్ణలో నీళ్ళు లేవనేవాడొకడు, ఇవాళో రేపో అనేవాడొకడు. చీకటి పడేటప్పుడు ప్రార్థనలో నాయనమ్మ కాలవ గురించి అడిగేది. బాతు పేరు ఎత్తేది కాదు, పైవాడికి నామోషీ అనుకుందో ఏమో. అమ్మ కూడా నీళ్ళ గురించి సణగడం మానేసి, స్కూలు నుంచి వస్తూ తుమ్మచెట్ల నీడలో ఇంకా పచ్చగా మిగిలిన గరిక కోసుకొచ్చేది. నేను దాన్ని ముట్టుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. ఎత్తుకుంటే మెడ నా మోచేతి మీద వాల్చేది. నా చేతులు రోజంతా కర్పూరం వాసన వచ్చేవి.

నాయనమ్మ మాట దక్కాలంటే బాతు ప్రాణంతో ఉండాలి, కాలవ రావాలి. రెండూ జరిగాయి.

బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని కబురొచ్చిన మర్నాడు మా ఊరికి చేరాయి. కొత్త నీళ్ళు అందంగా ఏమీ రావు. ముందు మురికి నురగ, ఎండుటాకులు, తెగిన చెప్పులు, గడ్డి దుబ్బులు తోసుకుంటూ నాలుకలాగా ఒక పాయ వస్తుంది, దాని వెనక బురదనీళ్ళు. అయినా ఊరంతా గట్టు మీదికి వచ్చింది. కొందరు పసుపూ కుంకుమా చల్లారు. నాయనమ్మ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి కళ్ళు తుడుచుకుంది. మగబాతు అరుపులకు చెవులు చిల్లులు పడ్డాయి, ఆ బురదలోకే దూకేసింది. పెట్ట గడ్డి మీద కూర్చునే మెడ నిక్కించి అటే చూసింది.

"చెత్త పోయి నీళ్ళు తేరుకోనియ్యమ్మా, ఆదివారం దించుదాం," అని అమ్మ ఆపింది. నాన్న కూడా ఉంటాడని నాయనమ్మ ఒప్పుకుంది. ఆ రెండు మూడు రోజులూ రొమ్ముకు, రెక్కలకు ఇంకా ఎక్కువ నూనె పట్టించింది, నీళ్ళలోకి దిగేసరికి కీళ్ళు వదులుగా ఉండాలని.

ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు. కాలవ రేవు మెట్ల పైదాకా నిండి ఉంది. నాన్న బాతును ఎత్తుకున్నాడు. నాయనమ్మ తెల్లచీరతో నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగింది. "నా చేతికియ్యిరా," అంది. నాన్న ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తల నిమిరి, నీళ్ళలోకి వదిలింది.

అది కదిలింది. కాళ్ళు ఆడించింది. తల ముంచి, ఎత్తి, వీపు మీద నీళ్ళు గుమ్మరించుకుని, తోక విదిలించింది. ఎన్నాళ్ళ దాహమో, మళ్ళీ మళ్ళీ ముంచింది. నడివేసవి అంతా గడ్డి మీద పడి ఉన్న బాతు అదేనా అనిపించింది. అమ్మ చప్పట్లు కొట్టింది. మగబాతు ఎదురొచ్చి మెడతో దాని మెడ రాసింది.

"నువ్వే గెలిచావమ్మా," అన్నాడు నాన్న.

నాయనమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు ఇంకా పూర్తి కాకముందే బాతు నడి కాలవలోకి పోయింది. అప్పుడు చూశాను, అది నీళ్ళ మీద ఎప్పటిలా లేదు. బాతు వీపు పడవలాగా పైకి తేలుతుంది కదా. దీని వీపు నీళ్ళకు సమంగా ఉంది. ఈకలు విడిపోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ఒళ్ళు నానిన గుడ్డలాగా నల్లబడుతోంది. దానికీ తెలిసింది. మావైపు తిరిగింది. ప్రవాహం పక్కకు లాగుతుంటే రెక్కలు విప్పి నీళ్ళను కొట్టింది. తడిసిన రెక్కలు మళ్ళీ పైకి లేవలేదు. మెడ ఒక్కటే కనబడింది, నాయనమ్మ వైపే చూస్తూ.

"ఒరే, ఒరే, మునుగుతోందిరా!" అని నాయనమ్మ కేక పెట్టింది. బాతు మునగడమేమిటని నాన్నకు అర్థమయ్యేలోపే కొంత దూరం పోయింది. ఆయన చర్చి బట్టలతోనే దూకాడు. మగబాతు తన జతను ఎత్తుకుపోతున్నాడనుకుని ఆయన్ని పొడిచింది. పక్క రేవు దగ్గర ఒడ్డెక్కేసరికి నాన్న నుదుటి మీద రక్తం, చేతుల్లో బాతు.

బతికే ఉంది. పొయ్యి దగ్గర నాయనమ్మ ఒళ్ళో పెట్టుకుని, చీర కొంగుతో ఒత్తుతుంటే వణికింది, రెండుసార్లు నీళ్ళు కక్కింది. ఎంత ఒత్తినా ఈకల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కింద అమ్మ పెట్టిన పళ్ళెంలోకి ఆ నీళ్ళు దిగాయి. పళ్ళెంలో నీళ్ళ మీద నూనె చుక్కలు చుక్కలుగా తేలి, ఒకదానితో ఒకటి కలిసి, మెరుస్తూ నిలబడింది. కర్పూరం వాసన వచ్చింది. నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది.

నాన్న ముందే చూశాడు. రోజూ సాయంత్రం ఆటోనగర్‌లో నూనె చేతులు కడుక్కునే మనిషి, నూనెకు అట్టలు కట్టిన ఈకలు గాలి నిలుపుకోలేక నీళ్ళు పీల్చుకున్నాయని ఆయనకు చెప్పక్కర్లేదు. గబగబా పళ్ళెం తీసేయబోయాడు.

"ఉండనియ్యి," అంది నాయనమ్మ.

"ముసలిదమ్మా. కొత్తనీళ్ళు, వడి ఎక్కువ. గుండె తట్టుకోలేకపోయింది."

"నేను పెట్టిన నూనేరా ఇది."

మధ్యాహ్నం కాకముందే బాతు ఆవిడ ఒళ్ళోనే పోయింది. పోయిన సంగతి ఆవిడే చెప్పింది, మెడ ఎత్తి మళ్ళీ తన మోకాలి మీద సరిగా పెట్టుకుంటూ.

పెరటి వెనక నాన్న గొయ్యి తవ్వాడు. వండుకుందామన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కాలవలో మగబాతు ఎవరు పిలిచినా ఒడ్డుకు రాకుండా అదే చోట తిరుగుతూ అరిచింది. ఆ అరుపు వినలేక నేను చెవులు మూసుకున్నాను. ఊళ్ళో పిల్లలు కొత్తనీళ్ళలో దూకి కేరింతలు కొడుతున్నారు. వాళ్ళ మీద నాకు వచ్చినంత కోపం మళ్ళీ ఎవరి మీదా రాలేదు, పాపం వాళ్ళేం చేశారని.

నాయనమ్మ గోడ పట్టుకుని వచ్చి గొయ్యి పక్కన మట్టిలోనే చతికిలబడింది. బాతు ఇంకా ఆవిడ కొంగులోనే ఉంది. దాని ఈకలు చేత్తో సర్దింది. తర్వాత నాన్నతో అంది, "నువ్వు కోసుంటే దానికి ఒక్క నిమిషం బాధ. వేసవి పొడుగునా నడవలేక ఏడిస్తే, నీళ్ళొచ్చినాక ముంచి చంపాను. అది నన్నే చూస్తా మునిగిందిరా."

నాన్న గునపం పక్కన పెట్టి ఆవిడ దగ్గర కూర్చున్నాడు. తడి బట్టలు ఇంకా విప్పలేదు.

"నేను నిజంగా కోసేవాణ్ణి కాదులేమ్మా," అన్నాడు.

"కోయాల్సిందిరా," అంది నాయనమ్మ.